ఆదోనిలో రెండు రకాతులు

ఈ మాసం ప్రయాణికుని నమాజును గురించి వ్రాస్తామని గత సంచికలో మాట ఇచ్చాము. నియమాలను వరుసగా వ్రాసి పెట్టుకున్న కాగితాలు మా బల్లమీదనే ఉన్నాయి. కాని జనవరి మాసంలో ఆదోనికి వెళ్ళి ఒక రాత్రి గడిపి వచ్చిన పిమ్మట, ఆ కాగితాలను ఉన్నవి ఉన్నట్లు అచ్చుకు పంపడానికి మాకు మనసొప్పలేదు. కనుక ఆ నియమాలను ఆ ప్రయాణంతో కలిపే చెబుతాము. పాఠకులు ఓపిక పట్టాలి.

మా మదరసాలో హిఫ్జ్ చదువుతున్న పన్నెండేళ్ళ బాలుడొకడు అర్ధ సంవత్సరపు సెలవులకు ఇంటికి వెళ్ళి తిరిగి రాలేదు. తొమ్మిది పారాలు కంఠస్థం చేశాడు. పదవ పారా సగంలో ఉంది. చెప్పకుండా ముప్పై రోజులు రాని విద్యార్థి పేరును హాజరు పట్టీ నుండి తొలగించాలన్నది మా మదరసా నియమం. ఎర్ర సిరాతో ఆ పేరుమీద గీత గీసినది మరెవరో కాదు, మేమే. ఆ రోజు అది మాకు పెద్ద విషయంగా తోచలేదు. వారం తిరిగాక తరగతిలో ఖురాన్‌ను మననం చేస్తూ ఉండకపోతే అది కట్టు విప్పుకున్న ఒంటె కన్న వేగంగా చేజారిపోతుందన్న దైవప్రవక్త (స) హెచ్చరికను పిల్లలకు వివరిస్తూ ఉండగా, ఆ తొమ్మిది పారాలు మాకు గుర్తుకు వచ్చాయి. మాట అక్కడే ఆగిపోయింది. మరుసటి దినం ఫజ్ర్ నమాజు ముగించుకొని కర్నూలు బస్టాండుకు నడిచాము.

కర్నూలు నుండి ఆదోనికి కోడుమూరు, గోనెగండ్ల, ఎమ్మిగనూరుల మీదుగా సుమారు 100 కిలోమీటర్ల దారి. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం 48 మైళ్ళు, అనగా ఇంచుమించు 77 కిలోమీటర్లు, లేదా అంతకు మించిన దూరానికి సంకల్పించి బయలుదేరినవాడు ప్రయాణికుడు. బయలుదేరినంత మాత్రాన కాదు. తన ఊరి ఇండ్లు దాటిన తరువాతనే. బస్సు కర్నూలు పొలిమేర దాటినప్పుడు మేము ముసాఫిరులమయ్యాము. ఇక మా జుహ్ర్, అస్ర్, ఇషా నమాజుల ఫర్జ్ నాలుగు రకాతులు రెండుకు తగ్గాయి. ఫజ్ర్, మగ్రిబ్‌లు ఎక్కడైనా ఎప్పటివే.

ఎడారి అనగానే మన కండ్ల ముందు అరేబియా ఇసుక మెదులుతుంది. అంత దూరం పోనక్కరలేదు. ఆదోనికి దక్షిణాన, అనంతపురం జిల్లా కణేకల్లు, బొమ్మనహాళ్ ప్రాంతాలలో హగరి ఏటి ఒడ్డున గాలికి కదిలే ఇసుక దిబ్బలున్నాయి. పొలాల మీదికి ఇసుక మేటలు వేసిన గ్రామాలున్నాయి. ఆదోని వైపు నేల ఇసుక కాదు, నల్లరేగడి. కాని వాన మొగం చాటేసిన ఏడు ఆ నల్లనేల కూడా నోరు తెరచి బీటలు వారుతుంది. ఎమ్మిగనూరు దాటాక రోడ్డుకిరువైపులా పత్తి ఏరగా మిగిలిన కట్టె నిలబడి ఉంది. అక్కడక్కడ తుంగభద్ర దిగువ కాలువ నీరు అందిన చెక్కలో మాత్రం పచ్చదనం. ఆ కాలువ ఈ ప్రాంతానికి ప్రాణం. అయితే చివరి ఆయకట్టు రైతును అడిగితే ఆ ప్రాణం ఎన్ని రోజులు ఉంటుందో చెబుతాడు.

ఆదోని సరిహద్దు పట్టణం. బస్టాండులో రాయచూరు, సిరుగుప్ప, బళ్ళారి పేర్లు వినిపిస్తాయి. దుకాణంలో తెలుగున అడిగితే కన్నడంలో జవాబు వస్తుంది. లోపలి నుండి ఉర్దూలో మరొకరు ధర చెబుతారు. ఈ తాలూకా 1953 దాకా బళ్ళారి జిల్లాలో ఉండేది. ఆ ఏడు అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి. అంతకు ముందు కూడా ఈ ఊరు ఎన్నడూ ఒకరి చేతిలో స్థిరంగా నిలువలేదు. విజయనగరం నుండి 1568లో బీజాపూరు ఆదిల్‌షాహీలకు, 1688లో మొగలులకు, ఆ పిమ్మట నిజాం సోదరుడు బసాలత్ జంగ్‌కు. 1786లో టిప్పు సుల్తాన్ ముట్టడించి కోట గోడలు పడగొట్టాడు. 1800లో నిజాం దీనిని ఆంగ్లేయులకు దత్తం చేశాడు. రాజ్యాల అంచున ఉన్న ఊరి తలరాత అంతే కాబోలు. ఎవరు దండెత్తినా ముందు దుమ్ము లేచేది ఇక్కడే.

మేము దిగేసరికి అస్ర్ వేళ కావస్తున్నది. బాలుని ఇల్లు వెదకడానికి ముందు షాహీ జామియా మస్జిదుకు వెళ్ళాము. వెళ్ళి చూస్తే హౌజు దగ్గర కూర్చుని వుజూ చేస్తున్నవాడు మా బాలుడే! మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. కాళ్ళ మీద నీళ్ళు కారుతున్నాయి. సలాము చెప్పాలన్న సంగతి మరిచాడు. మేమే సలాము చెప్పి, "ముందు నమాజు కానియ్యి" అన్నాము.

స్థానిక ఇమాము వెనుక మేము నాలుగు రకాతులు పూర్తిగా చేశాము. ప్రయాణికుడు స్థానికుని వెనుక నిలిచినప్పుడు తన రాయితీని పక్కనబెట్టి అతనితో పాటు పూర్తి చేయవలసిందే. ఇది చాలామంది మరిచే నియమం. రైలు దిగి మస్జిదుకు వచ్చి, ఇమాము మూడవ రకాతుకు లేవగానే తాము సలాము చెప్పి వెళ్ళిపోయేవారిని మేము చూశాము. అది సరి కాదు.

నమాజు తరువాత ఆ బాలుడు మమ్మల్ని మస్జిదు అంతా తిప్పి చూపాడు. బహుశా అసలు మాట వాయిదా వేయడానికి అయి ఉంటుంది. మేమూ వాయిదా వేయనిచ్చాము. 17వ శతాబ్దంలో ఈ మస్జిదును కట్టించినవాడు ఆదోని పాలకుడు సిద్దీ మసూద్ ఖాన్. సిద్దీలు హబషా దేశం నుండి, అనగా నేటి ఇథియోపియా ప్రాంతం నుండి వచ్చినవారు. మక్కాలో హింసలు భరించలేక తొలి ముస్లిములు సముద్రం దాటి ఆశ్రయం పొందిన దేశం అది. హజ్రత్ బిలాల్ (రజి) వంశమూలం ఆ దేశానిదే. అక్కడి నుండి వచ్చిన జాతివాడు 1678లో బీజాపూరు రాజ్యానికే సంరక్షక మంత్రి అయ్యాడు; అయిదేళ్ళకు ఆ పదవి వదులుకొని ఆదోనికి తిరిగి వచ్చాడు. మంత్రాలయం మఠానికి మంచాల గ్రామాన్ని ఇచ్చినది ఈ నవాబేనని ఆ మఠ సంప్రదాయం నేటికీ చెప్పుకొంటుంది.

బాలుడు మాకు చెప్పిన కథ వేరు. ఆదోనిలో పిల్లలందరికీ వచ్చే కథే. మొగలు సేన ఎంత కాలం ముట్టడించినా కోట లొంగలేదట. అప్పుడు సేనాని ఫిరంగుల మూతులను కోట నుండి ఈ మస్జిదు వైపు తిప్పించాడట. తాను ప్రాణప్రదంగా కట్టించుకున్న మస్జిదు మీద గుండు పడకముందే మసూద్ ఖాన్ కోట తాళాలు పంపించాడట. కథలో ఎంత చరిత్ర ఉన్నదన్నది పండితులు తేల్చుకోవాలి. 1688లో కోట పోయింది, మస్జిదు నిలిచింది. అంతవరకు కండ్ల ముందే ఉంది. పైన కొండ మీద కోట గోడలు రాళ్ళలో రాళ్ళయి పోయాయి. కింద మేము నిలుచున్న గచ్చు మీద అయిదు పూటలా జనం.

బసాలత్ జంగ్ సమాధిని కూడా చూపిస్తానన్నాడు. పొద్దు గుంకుతున్నది. ఇంటికి పోదామన్నాము.

ఇంటికి పోయే దారి పత్తి దారి. మార్కెట్ యార్డు వైపు పోయే బండ్లు, లారీలు, వాటి మీద కట్టిన తాళ్ళ సందుల్లోంచి రాలిన దూది రోడ్డు పొడవునా తుమ్మకంపకు తగులుకొని ఉంది. జిన్నింగు మిల్లుల గోడల వెంట నడుస్తుంటే గాలిలో నూగు తేలుతున్నది. ఈ బాలునిది నూర్‌బాషా కుటుంబం. వాళ్ళ తాత ముత్తాతలు విల్లు భుజాన వేసుకొని ఊరూరా తిరిగి దూది ఏకి, పరుపులు, బొంతలు కుట్టి బ్రతికినవారు. దూదేకుల అన్న పేరు ఆ వృత్తి నుండి వచ్చినదే. ఆ విల్లు చేసే పని మిల్లులు లాక్కున్నాయి. పత్తి చుట్టూరా ఉంది; పత్తితో బ్రతికిన కులానికి అందులో పని మాత్రం లేదు. మిల్లులో పని దొరికినప్పుడు బాలుని మేనమామ మూటలు మోస్తాడు. దొరకనప్పుడు?

దానికి ఆ ప్రాంతంలో ఒక మాట ఉంది. సుగ్గి. పంట చేతికి వచ్చే కాలానికి ఒకప్పుడు ఆ పేరు. ఇప్పుడు సుగ్గికి పోవడమంటే పిల్లాజెల్లాతో వలస పోవడం. కోసిగి, మంత్రాలయం, ఆదోని, ఆలూరు పల్లెల నుండి జనం మిరప కోతలకు గుంటూరు వైపు పోతారు. ఇంటికి తాళం వేసి, ముసలివాళ్ళను అరుగుమీద వదిలి, గిన్నెలు, బియ్యం, పరదా పట్టలతో సహా వ్యాన్లు ఎక్కుతారు. సగం ఊరు ఖాళీ అయ్యే పల్లెలున్నాయి. బాలుని ఇంటి గడప దగ్గర మూటలు కట్టి ఉన్నాయి. ఎల్లుండి తెల్లవారుజామున బండి.

బాలుని తల్లి తలమీద కొంగు సర్దుకొని తలుపు చాటున నిలబడింది. మేనమామ చాప పరిచాడు. అవ్వ ఉగ్గాని పెట్టింది. బొరుగులు నానబెట్టి తాలింపు వేసిన ఆ ఉగ్గానిని మేము బాల్యం నుండి తింటున్నాము, కాని ఆనాడు గొంతు దిగలేదు. ఎందుకంటే మేము ఒక ప్రసంగం సిద్ధం చేసుకొని వెళ్ళాము. ఖురాన్ చదివే బిడ్డను కూలికి తీసుకుపోవడం ఎంత నష్టమో చెప్పాలని. నిజానికి సగం చెప్పేశాము కూడా. తల్లి అంతా విన్నది. తరువాత లోపలికి వెళ్ళి మూడేళ్ళ ఆడపిల్లను ఎత్తుకొని వచ్చింది.

"వాడు కాయ కోయడు హజరత్," అన్నది. "నేను సాళ్ళలో ఉంటే ఈ పిల్లను పట్టుకునేది ఎవరు? పోయినేడు చేను గట్టుమీద పండబెడితే పాము వచ్చినాది. వాడు గుడిసె కాడ ఉండి దీన్ని చూసుకుంటాడు, అన్నం వండుతాడు. దీన్ని మీ మదరసాలో పెట్టుకుంటారా? పెట్టుకుంటే ఇద్దరినీ ఇప్పుడే పంపుతాను."

మా మదరసా మగపిల్లలది. మూడేళ్ళ ఆడబిడ్డను ఉంచుకునే ఏర్పాటు మా వద్ద లేదు. మేమెరిగిన ఏ మదరసాలోనూ లేదు. అవ్వకు కండ్లు సరిగా కనిపించవు. వలస పోయేవారి బిడ్డల కోసం ప్రభుత్వం సీజనల్ హాస్టళ్ళు నడుపుతుంది, కాని అవి బడి ఈడు పిల్లలకు. భర్త ఏమయ్యాడని మేము అడగలేదు. గోడకు తగిలించిన మగవాని చొక్కా మీద పేరుకున్న దుమ్ము చూశాము, చాలు.

మేము మౌనంగా ఉన్నాము. అప్పుడు ఆమె అడిగినది మా ముప్పై ఏళ్ళ బోధనలో ఏ విద్యార్థీ అడగని ప్రశ్న.

"వాడు సెలవులకు వచ్చినప్పుడు చెప్పినాడు, ప్రయాణంలో నమాజు రెండే అని. పోయినేడు మేము మూడు ఊర్లు మారినాము. ఒక ఊర్లో పది దినాలు, ఇంకో ఊర్లో ఎనిమిది, కడాకు ఒక ఊర్లో ఎన్నాళ్ళో లెక్క లేదు, కాయ అయిపోయే వరకు. యాడ రెండు చేసేది, యాడ నాలుగు?"

పాఠకులారా, మేము వ్రాసి పెట్టుకున్న కాగితాలలో పదిహేను రోజుల నియమం ఉంది. ఒకే ఊరిలో పదిహేను రోజులు లేదా అంతకు మించి ఉంటామని నిశ్చయించుకుంటే అక్కడ స్థానికుని వలె పూర్తి నమాజు. అంతకు తక్కువయితే రెండే. రేపో మాపో పోతామంటూ నిశ్చయం లేకుండా నెలలు గడిచినా రెండే. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) అజర్‌బైజాన్‌లో మంచు కారణంగా ఆరు మాసాలు చిక్కుకొని ఉన్నప్పటికీ నమాజును కుదించే చేశారని ఉల్లేఖనం ఉంది. ఈ లెక్కన ఆమె మొదటి రెండు ఊర్లలో రెండు. మూడవ ఊరిలోనూ నిశ్చయం లేదు గనుక రెండే. అంతవరకు చెప్పాము.

"మరి మేస్త్రీకి తెలిసి, మాకు చెప్పకపోతేనో?" అన్నాడు మేనమామ.

గ్రంథాలలో దీనికీ జవాబు ఉంది. ఇతరుల అధీనంలో ప్రయాణించేవారి సంకల్పం, వారిని నడిపించేవారి సంకల్పాన్ని అనుసరిస్తుందని ఫకీహులు వ్రాశారు. సైనికునికి సేనాని, కూలివానికి అతనిని పోషిస్తూ వెంట తీసుకుపోయే యజమాని. అయితే ఆ నిర్ణయం తనకు తెలిసే వరకు అతడు చేసిన నమాజుకు దోషం లేదు. ఈ వాక్యాన్ని మేము ఏటేటా చదివి ముందుకు పోతూ ఉంటాము. పాతకాలపు దండయాత్రల ముచ్చట అనుకునేవాళ్ళము. ఆ చాపమీద కూర్చుని దానిని తెలుగులో చెప్పవలసి వచ్చినప్పుడు మా నోరు తడబడింది.

ఆమె నవ్వింది. "అయితే మా నీయతు గూడా మేస్త్రీ చేతిలోనే ఉన్నాదా హజరత్?"

నమాజు సంకల్పం కాదమ్మా, ఎన్నాళ్ళుంటామన్న సంకల్పం మాత్రమే అని సరిదిద్దాము. సరిదిద్దడం మా వృత్తి. ఆమె మాట మాత్రం మా వెంట వచ్చింది.

రంజాను ఆ కోతల కాలంలోనే వస్తుందని అవ్వ జ్ఞాపకం చేసింది. ప్రయాణికుడు ఉపవాసాలను వాయిదా వేసి తరువాత పూర్తి చేసుకోవచ్చునని చెప్పాము. ఇల్లు చేరిన తరువాత తీర్చవలసినవే, కాని మండుటెండలో సాళ్ళ మధ్య పడిపోవాలని ధర్మం కోరదు. ఇది విని అవ్వ కన్న మేనమామ ఎక్కువ ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ రాత్రి వీధి మస్జిదులో ఇమాము మమ్మల్ని ఇషా చేయించమన్నారు. ప్రయాణికుడు నాయకత్వం వహిస్తే రెండు రకాతులకే సలాము చెబుతాడు. స్థానికులు లేచి మిగిలిన రెండు తమంతట తాము పూర్తి చేసుకుంటారు. హజ్రత్ ఉమర్ (రజి) మక్కా వచ్చినప్పుడు రెండు రకాతులు చేయించి, తాము ప్రయాణికులమని, మక్కావాసులు తమ నమాజును పూర్తి చేసుకోవాలని ప్రకటించారు. మేమూ ముందే ప్రకటించాము, సలాము తరువాత మళ్ళీ చెప్పాము. అయినా చివరి వరుసలోని పెద్దాయన ఒకరు "రెండే చేసినాడే!" అని పైకే అనేశారు. ఆయన నమాజు భంగమయింది, మళ్ళీ మొదటి నుండి చేసుకున్నారు. మీ ఊరిలో అతిథి ఇమాము నిలబడినప్పుడు దయచేసి ప్రకటన వినండి.

వారంతా లేచి నిలబడి మిగిలిన రకాతులు చేస్తుండగా మేము కూర్చుని ఉన్నాము. ముందు వరుస చివరన బాలుడు కూడా నిలబడి ఉన్నాడు. ఇక్కడ అతడు స్థానికుడు. ఇంకొక్క రోజు.

జకాతు పొందదగిన ఎనిమిది వర్గాలలో బాటసారి ఒకడని మన పిల్లలు కూడా చెబుతారు. ఇంటి దగ్గర ఆస్తి ఉన్నా దారిలో చేతిలో లేనివాడు సైతం అందులో వస్తాడు. కాని బాటసారి అంటే ఎవరో పరదేశి, సంచీ పోగొట్టుకొని మస్జిదు మెట్లమీద కూర్చున్నవాడు అని మనం ఊహించుకుంటాము. రంజానులో మన గడపకు వచ్చి చేయి చాచేవారిని లెక్కిస్తాము. మన వీధి నుండే తెల్లవారుజామున వ్యాను ఎక్కే కుటుంబాలను లెక్కించిన కమిటీని మేము చూడలేదు. ఆదోని వంటి పట్టణంలో ఒక్క ఇల్లు అద్దెకు తీసుకొని, ఇద్దరు వితంతు స్త్రీలకు జీతమిచ్చి, సుగ్గికి పోయేవారి పసిబిడ్డలను నాలుగు మాసాలు చూసుకుంటే ఎంత ఖర్చవుతుంది? మా మదరసా వార్షిక సభకు వేసే పందిరి ఖర్చు మాకు తెలుసు. ఆ లెక్క కమిటీ ముందు ఉంచాము. ఇంకా జవాబు రాలేదు. ఏ ఊరివారైనా ఇటువంటి ఏర్పాటు ఇప్పటికే చేసి ఉంటే మాకు వ్రాయండి, వెళ్ళి చూసి వస్తాము.

ఉదయం బయలుదేరే ముందు బాలునితో ఒక ఒప్పందం చేసుకున్నాము. తల్లి ఫోనులో ప్రతి రాత్రి ఇషా తరువాత పావు పారా వినిపించాలి. కర్నూలు చేరి హాజరు పట్టీ తెరిచాము. ఎర్ర సిరా చెరగలేదు. కింద ఖాళీ వరుసలో ఆ పేరును మళ్ళీ వ్రాశాము. కారణం గడిలో "ప్రయాణంలో ఉన్నాడు" అని వ్రాశాము. మా నాజిము గారు దానిని చూసి ఏమీ అనలేదు.

మొదటి వారం రెండు రాత్రులు ఫోను రాలేదు. మోటారు షెడ్డులో చార్జింగు పెట్టుకోవాలట, కరెంటు లేదట. మూడవ రాత్రి తల్లి ముందు మాట్లాడింది. మేస్త్రీ ఈ ఊర్లోనే నెలంతా అని గట్టిగా చెప్పినాడు, నాలుగు చేసేదా అని. చేయమన్నాము. పన్నెండు రోజులకు మళ్ళీ అడిగింది. పక్క ఊరికి మారుస్తున్నాడు, అక్కడ వారమే. ఎంత దూరమని అడిగాము. ఆరు మైళ్ళు. అయితే నాలుగే అన్నాము. ఒకసారి స్థానికులైన తరువాత 48 మైళ్ళ ప్రయాణానికి మళ్ళీ బయలుదేరే వరకు ఆ స్థితి మారదు. ఇంటికి రావడానికి ఆ ఊరి ఇండ్లు దాటిన నాడు మళ్ళీ రెండు, ఆదోని ఇండ్లు కనబడి ఊరిలో అడుగుపెట్టగానే నాలుగు.

"ఆ దినం ఫోను చేస్తాను హజరత్," అని బాలునికి ఇచ్చింది.

ఈ వాక్యాలు వ్రాస్తున్న రాత్రి అతడు ఏడవ పారాలో ఉన్నాడు. మధ్యలో దగ్గు వచ్చింది. మిరప ఘాటు. వెనుక చెల్లెలు ఏడుస్తున్నది. "ఒక్క నిమిషం హజరత్," అన్నాడు. ఫోను చెవికి పెట్టుకొని కూర్చున్నాము. పాప ఊరుకున్నది. ఆగిన ఆయతు దగ్గర కాక రెండు ఆయతులు వెనుక నుండి అందుకున్నాడు. మేము నేర్పినది అలాగే.